పాత జీపుకు గేరు రాడ్డు మార్పు: ఆటోనగర్‌లో చేయించిన పని ఎలా ఉందంటే

నూజివీడు దగ్గర మా మామిడి తోటలో ఇప్పటికీ రోజూ తిరిగే బండి ఎత్తు బానెట్ సీజే-3బీ జీపు. విల్లీస్ సంస్థ 1953లో అమెరికాలో తెచ్చిన ఈ నమూనాకు హరికేన్ ఇంజను పెట్టారు. ఆ ఇంజను పాతదానికంటే ఎత్తు కావడంతో బానెట్‌ను కూడా పైకి లేపాల్సి వచ్చింది. మన దేశంలో మహీంద్రా వారు ఈ జీపులను దశాబ్దాల పాటు తయారు చేశారు కనుక పల్లెల్లో ఇవి ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. మా బండిలో పెట్రోలు ఇంజను, మూడు గేర్ల టీ-90 గేరుబాక్సు రెండూ మొదటివే.

గేరు రాడ్డు లూజు ఒక్క రోజులో వచ్చింది కాదు. న్యూట్రల్‌లో ఉన్నప్పుడు రాడ్డు పైనున్న పిడి ఇటు జానెడు, అటు జానెడు ఊగేది. గేరు వేయడమంటే కుండలో పప్పుగుత్తి తిప్పినట్టే ఉండేది. నాన్నకు అది అలవాటైపోయింది, నాకు మాత్రం భయం పట్టుకుంది. కిందటి వేసవిలో కాయల బుట్టలతో గట్టు ఎక్కుతుండగా మొదటి గేరు నుంచి రెండో గేరుకు లాగబోతే రాడ్డు మధ్యలోనే బిగుసుకుపోయి, ఎటూ కదలకుండా నిలబడింది.

ఎందుకు బిగుసుకుందో విప్పి చూశాకే అర్థమైంది. టీ-90లో గేరు రాడ్డు కింది కొన, టాప్ కవర్ (గేరుబాక్సు పై మూత) లోపల పక్కపక్కనే ఉండి గేర్లను జరిపే రెండు ఫోర్కుల గాళ్లలో ఆడుతుంది. ఒక ఫోర్కు మొదటి గేరునూ రివర్సునూ చూసుకుంటే, రెండోది రెండు, మూడు గేర్లను చూసుకుంటుంది. కొన అరిగి సన్నబడి, గాళ్లు అరిగి వెడల్పైతే, రాడ్డు ఒక గాడిని పూర్తిగా వదలకముందే రెండో దాని అంచుకు తగిలి, రెండింటి నడుమ ఇరుక్కుంటుంది. దీనికి తోడు రాడ్డు నడుమ బంతిలా ఉండే గుండుకు ఒక గాడి ఉంటుంది. కవర్ పక్క నుంచి దిగిన పిన్ను అందులో కూర్చుని రాడ్డును తనచుట్టూ తాను తిరగకుండా ఆపుతుంది. మా బండిలో ఆ పిన్ను కూడా ఒకవైపు నమిలినట్టు అరిగిపోయి ఉంది.

మొదట నేను చేసిన తెలివితక్కువ పని, ఆన్‌లైన్‌లో దొరికిన కొత్త రాడ్డు కొని ఊళ్లోనే బిగించుకోవడం. పెయింటు మెరుపు బాగానే ఉంది కానీ, మూడు నెలలకే కొన మళ్లీ గుండ్రబడింది. అమ్మినవారి పేరు చెప్పడం నా ఉద్దేశం కాదు, ఒకటి మాత్రం చెప్పాలి. ఆ సరుకుపై ఆకురాయి పెట్టి రుద్దితే పొడి సులువుగా రాలింది, పాత రాడ్డుపై రుద్దితే ఆకురాయి జారిపోయింది. గట్టిపరచని ఇనుముతో చేసిన రాడ్డు ఎంత కొత్తదైనా ఫోర్కు గాడిలో నిలవదు.

ఆ తర్వాతే బండిని విజయవాడ ఆటోనగర్‌లోని ఒక చిన్న గేరుబాక్సు షెడ్డుకు తీసుకెళ్లాను. లేత్ మిషను, వెల్డింగు, పని బల్ల అన్నీ ఒకే కప్పు కింద ఉండటం ఆ షెడ్డు మొదటి సుగుణం. మేస్త్రీ బండిని చూసిన వెంటనే రేటు చెప్పలేదు. నేల మీది ప్లేటు విప్పే ముందు కవర్ చుట్టూ పేరుకున్న మట్టిని కిరోసిన్‌తో కడిగించి, గాలితో ఊదించాడు. ఆ మట్టి గేరుబాక్సులో పడితే రాడ్డు కోసం వచ్చి గేరు పళ్లకు ఖర్చు పెట్టుకోవాల్సి వస్తుందన్నాడు. చాలా చోట్ల ఈ జాగ్రత్త కనిపించదు.

బండిని న్యూట్రల్‌లో పెట్టి కవర్ ఎత్తాడు. ఫోర్కులు కవర్‌తో పాటే పైకి వస్తాయి. దాన్ని బల్ల మీద తిరగేసి, గుండును అదిమి పట్టిన స్ప్రింగు తీసి రాడ్డును కిందివైపు నుంచి బయటికి లాగాడు. వెర్నియర్ అనే కొలత పరికరంతో కొననూ రెండు గాళ్లనూ కొలిచి, అంకెలు సుద్దతో బల్ల మీదే రాశాడు. అతని మాట ప్రకారం, కొత్త రాడ్డు పెట్టి పాత గాళ్లు వదిలేస్తే సగం లూజు అలాగే మిగులుతుంది, ఫోర్కులు సరిచేసి అరిగిన రాడ్డు ఉంచినా అంతే. తుక్కుకు వచ్చిన మరో గేరుబాక్సులోని రాడ్డు తెచ్చి, దాని కొనకు వెల్డింగుతో లోహం పోసి, చెక్కి, గాళ్ల అంచులను కూడా నింపి సరైన కొలతకు తెచ్చాడు. పిన్ను కొత్తది లేత్ మీద తీశాడు. కవర్ తిరిగి దింపేటప్పుడు ఫోర్కులు రెండూ న్యూట్రల్‌లో సరిగ్గా గేర్ల గాళ్లలో కూర్చున్నాయో లేదో చేత్తో తడిమి చూసి, ఆ తర్వాతే బోల్టులు బిగించాడు.

ఫలితం విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. రాడ్డు ఇప్పుడు రెండు వేళ్ల కంటే ఎక్కువ ఊగదు. రివర్సు ఎడమ పైన, మొదటి గేరు దాని కింద, రెండోది కుడి పైన, మూడోది కుడి కింద అని చేతికే తెలిసిపోతోంది. బండి ఆగి ఇంజను తిరుగుతున్నప్పుడు వచ్చే గలగల శబ్దం కూడా పోయింది.

లోపాలూ ఉన్నాయి. ఒక్క రోజు పని అన్నది మూడు రోజులు పట్టింది. ఆయిలు కారకుండా కవర్ కింద పెట్టే ప్యాకింగు తొందరగా కోసినట్టున్నారు, ఇంటికొచ్చిన వారానికి కవర్ మూలలో ఆయిలు చెమర్చడం మొదలైంది. తిరిగి వెళితే డబ్బు అడగకుండా మార్చారు, కానీ నూజివీడు నుంచి రానూపోనూ నాకు ఒక పూట పోయింది. బిల్లు అడిగితే తప్ప రాయలేదు. రాడ్డు చుట్టూ ఉండే రబ్బరు తొడుగు పక్క దుకాణంలో కొనుక్కోమన్నారు. కూలి, రాడ్డు, లేత్ పని, ఆయిలు అన్నీ కలిపి 4,600 రూపాయలు అయింది. ఆన్‌లైన్ రాడ్డుకు పోసిన డబ్బుతో పోలిస్తే ఇది ఖరీదని నేను అనను.

ఈ పని చేయించాలనుకునే వారికి ముందే తెలియాల్సింది ఒకటుంది. నడుస్తున్న గేరు తనంతట తాను జారి న్యూట్రల్‌లోకి వస్తుంటే అది గేరు రాడ్డు జబ్బు కాదు. కవర్‌లో ఫోర్కులను మోసే పట్టాలను పట్టి ఉంచే ఉక్కు గోళీల స్ప్రింగులో, గేరు పళ్లో, షాఫ్టు లూజో కారణమై ఉండవచ్చు. దిగుడులో మా జీపు రెండో గేరు ఇప్పటికీ అలా జారుతూనే ఉంది. మేస్త్రీ కూడా మొదటి రోజే ఆ మాట చెప్పి, గేరుబాక్సు దించితే గాని తేలదన్నాడు. మామిడి కోతలు ముగిశాక మళ్లీ అక్కడికే తీసుకెళ్తాను, ఈసారి ప్యాకింగు దగ్గరుండి కోయిస్తాను.