వానాకాలం కారుని ‘ఇండోర్ స్టోరేజీ’కి ఇస్తున్నారా? చెన్నైలో నాకు జరిగింది చదివి ఇవ్వండి

చెన్నైలో స్పోర్ట్స్ కారో, టాపు తెరుచుకునే కారో కొన్న తెలుగువాళ్ల కోసం రాస్తున్నాను. మళ్లీ అక్టోబరు వస్తోంది. “వింటర్ స్టోరేజీ, ఏసీ షెడ్డు, నెలకి ఇంత” అనే మెసేజ్‌లు మళ్లీ మొదలయ్యాయి. మూడు నెలల అడ్వాన్సు కట్టే ముందు నా అనుభవం ఒకసారి చూడండి. గ్యారేజీ పేరు రాయను, విషయం వినియోగదారుల కమిషన్‌లో ఉంది. పేరు తెలిసినా తెలియకపోయినా మీరు చూసుకోవాల్సినవి మాత్రం ఇవే.

నాది 2010 పోర్షే బాక్స్‌స్టర్, గుడ్డ టాపు తెరుచుకునే స్పోర్ట్స్ కారు, సెకండ్ హ్యాండ్. 2024 ఆగస్టులో కొన్నాను. పద్నాలుగేళ్ల పాత కారుకి అంత డబ్బు పోస్తారా అని మా నాన్న ఇప్పటికీ అడుగుతుంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు, వదిలేద్దాం.

మేముండేది వేళచ్చేరిలో. అపార్ట్‌మెంట్ కింద స్టిల్ట్ పార్కింగ్. వాన గట్టిగా కొడితే అక్కడ మోకాలు లోతు నీళ్లు. ఆ అక్టోబరు మధ్యలో రెడ్ అలర్ట్ అనగానే ఊరంతా కార్లు తెచ్చి వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద వరసగా పెట్టేసింది గుర్తుందా? ఆ వరసలో ఒక స్విఫ్ట్‌కి, ఒక ఇన్నోవాకి మధ్య నా బాక్స్‌స్టర్ కూడా ఉంది. రెండు రాత్రులు నిద్ర లేదు. ఎవరు గీత పెడతారో, ఎవరు టాపు మీద చెయ్యి వేస్తారో అని ఒకటే టెన్షన్. ఆ భయంలోనే ఈ స్టోరేజీ వాళ్ల నంబరు తీసుకున్నాను.

అనుమానం రావాల్సింది అక్కడే. అసలు ‘వింటర్ స్టోరేజీ’ అనేది మంచు పడే దేశాల పద్ధతి. అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పుకి బాడీ కింద తుప్పు పడుతుంది. వేడి సుమారు ఏడు డిగ్రీల కంటే తగ్గితే సమ్మర్ టైర్ల రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. అందుకే కారుని నాలుగు నెలలు గ్యారేజీలో పడుకోబెడతారు. చెన్నైలో ఏడు డిగ్రీలా! మన చలికాలం అంటే ఈశాన్య రుతుపవనం. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కురుస్తుంది. ఇక్కడ కారుకి శత్రువు చలి కాదు, చెమ్మ. వాళ్ల కరపత్రంలో మంచు బొమ్మ ఉంది. నేనేమో ‘అబ్బ, ఎంత ప్రొఫెషనల్’ అనుకున్నాను.

పోరూరు దాటాక ఒక షెడ్డు. లోపల ఏసీ, ఎపాక్సీ వేసిన నేల, రెండు పెద్ద బళ్లు కవర్లు కప్పుకుని ఉన్నాయి. నెలకి తొమ్మిది వేలు. వారానికోసారి ఫొటో, బ్యాటరీకి మెయింటెనెన్స్ ఛార్జర్ (కారు కదలకపోయినా చార్జ్ దిగిపోకుండా చూసేది), టైర్లలో గాలి ఎక్కువ పెట్టడం, అన్నీ చూసుకుంటామన్నారు. తాళం ఇస్తుంటే మా ఆవిడ ఒక మాట అంది: “అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కరెంటు మీటరు ఫొటో తీస్తాం కదా, దీనికీ తీయండి.” నవ్వుకుంటూనే ఓడోమీటరు ఫొటో తీశాను. 41,306. ఈ రోజు నా చేతిలో ఉన్న గట్టి సాక్ష్యాల్లో ఆ నవ్వులాట ఫొటో ఒకటి.

నవంబరు 30న ఫెంగల్ తుపాను వచ్చింది, విమానాశ్రయం కూడా మూసేశారు. ఫోన్ చేశాను. “ఒణ్ణుం ప్రాబ్లం ఇల్ల సార్, లోపలే ఉంది” అన్నారు. ఫొటో కూడా వచ్చింది. కవరు కప్పిన కారు, వెనక స్తంభానికి రోజుకో కాగితం చింపే తమిళ క్యాలెండర్. చూసి ఫోన్ పక్కన పెట్టేశాను.

డిసెంబరు 15, ఆదివారం. నెల్లూరులో అత్తగారింట్లో కాఫీ తాగుతున్నాను. ఉదయం ఆరుంపావుకి ఫోన్‌కి మెసేజ్: శ్రీపెరుంబుదూరు టోల్‌గేటు దగ్గర నా ఫాస్టాగ్ నుంచి డబ్బు కట్ అయింది. ఫాస్టాగ్ బాక్స్‌స్టర్ అద్దానికే అతికించి ఉంది. షెడ్డులో నిద్రపోతున్న కారు బెంగళూరు హైవే మీద టోల్ ఎలా కట్టింది? గంటన్నర తర్వాత తిరుగు ప్రయాణం మెసేజ్ కూడా వచ్చింది. ఫోన్ చేస్తే ముందు “సిస్టమ్ ఎర్రర్ సార్” అన్నారు. తర్వాత “బ్యాటరీ చార్జ్ కోసం చిన్న రౌండ్” అన్నారు. ఛార్జర్ పెట్టామని డబ్బు తీసుకున్నవాళ్లకి రౌండ్ ఎందుకు?

ఒక్క క్షణం ఆలోచించండి. ఆ ఉదయం నా కారు తిప్పినవాడు ఎవరినైనా గుద్ది ఉంటే, ఆర్సీలో ఉన్నది నా పేరు. పోలీసులు ముందు వెతికేది నన్నే. చలానా అయినా నా ఫోన్‌కే వస్తుంది.

నెల్లూరు నుంచి వచ్చాక వెంటనే వెళ్లి తెచ్చుకోవాల్సింది. ఆఫీసులో రిలీజు, తర్వాత పిల్లాడికి జ్వరం, తర్వాత సంక్రాంతి. ఇందులో తప్పు నాదే. జనవరి 18న వెళ్లాను.

రిమోట్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. తాళంతో తలుపు తీస్తే అద్దం కిందికి జారలేదు. ఈ కారులో తలుపు తీయగానే అద్దం ఒక సెంటీమీటరు దిగుతుంది, రబ్బరు నలగకుండా. బ్యాటరీ చచ్చిపోతే దిగదు, రబ్బరుని ఒరుసుకుంటూ వస్తుంది. ఆ చప్పుడు ఇంకా చెవిలో ఉంది. పైగా బ్యాటరీ ఉండేది ముందు డిక్కీలో. ఆ డిక్కీ తెరవాలంటే కరెంటు కావాలి! ఫ్యూజు బాక్సులో ఒక ఎర్ర పిన్ను బయటికి లాగి, దానికి వేరే బ్యాటరీ ప్లస్ తగిలిస్తే తెరుచుకుంటుంది. షెడ్డు వాళ్లకి ఆ సంగతే తెలియదు. స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చాడు ఒకడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

తలుపు తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. ఎలుకలు రాకుండా వేశారట. దాని కింద ఇంకో వాసన, తడి గుడ్డది. కార్పెట్ మీద అరచెయ్యి పెట్టి నొక్కితే వేళ్ల మధ్య నీళ్లు ఊరాయి. సీటు తోలు మీద తెల్లటి బూజు, పిండి చల్లినట్టు. హ్యాండ్ బ్రేక్ పైకి లాగి వదిలేశారు, వెనక చక్రాలు పట్టేసి కదల్లేదు. చెమ్మలో నెలల తరబడి కారు పెట్టేటప్పుడు గేరులో వేసి, చక్రాల కింద దిమ్మలు పెట్టాలి, హ్యాండ్ బ్రేక్ ముట్టుకోకూడదు. ఓడోమీటరు 41,689. అంటే 383 కిలోమీటర్లు. చిన్న రౌండట!

నీళ్లు ఎలా వచ్చాయో మా మెకానిక్ పది నిమిషాల్లో చూపించాడు. గుడ్డ టాపు మీద పడ్డ నీళ్లు దాని వెనక రెండు పక్కలా ఉన్న కాలవల్లోంచి కిందికి పోతాయి. అవి మూసుకుపోతే నీళ్లు కారు లోపలికి తిరుగుతాయి. టాపు సగం ఎత్తి, టార్చి వేసి, వేలు పెట్టి ఒక ముద్ద లాగాడు. కుళ్లిన వేపాకులు. ఏసీ షెడ్డులో వేపచెట్టు ఎక్కడిది? తల తిప్పి చూస్తే షెడ్డు వెనక ఖాళీ జాగాలో ఉంది, పెద్దది. దాని కింద ఇంకా రెండు కార్లు, ప్లాస్టిక్ కవర్ల కింద. ఆ కవర్లు వాన ఆపకపోగా చెమ్మని లోపలే బంధిస్తాయి.

అప్పుడు కూర్చుని వాళ్లు పంపిన ఫొటోలన్నీ ఒక్కొక్కటే పెద్దది చేసి చూశాను. క్యాలెండర్ మీద 26. తర్వాతి వారం ఫొటోలోనూ 26. ఫెంగల్ రోజు ఫొటోలోనూ 26. నా దగ్గర కారు తీసుకున్న వారంలోనే ఫొటోలన్నీ ఒకేసారి నాలుగు మూలల నుంచి తీసేసి, విడివిడిగా పంపుతూ వచ్చారు.

బాగుచేయడానికి 1 లక్షా 84 వేలయింది: బ్యాటరీ, బ్రేకు షూలు, కార్పెట్ తీసి ఆరబెట్టడం, ఎలుక కొరికిన ఒక వైరింగ్ ముక్క. కలరా ఉండలు పనిచేయలేదన్నమాట. గ్యారేజీ వాళ్లు ఒక నెల అద్దె వెనక్కి ఇస్తామన్నారు. అగ్రిమెంటులో చిన్న అక్షరాల్లో ‘ఓనర్స్ రిస్క్’, అంటే నష్టం ఏదైనా ఓనరుదే, అని ఉందని చూపించారు. నేనూ అక్కడే నీరుగారిపోయాను. అయితే మా లాయరు చెప్పింది వినండి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో సెక్షన్ 151 ప్రకారం, మన వస్తువు దాచడానికి తీసుకున్నవాడు సొంత వస్తువుని సాధారణ జాగ్రత్త ఉన్న మనిషి చూసుకున్నంతగా చూసుకోవాలి. సెక్షన్ 154 ప్రకారం, ఒప్పుకున్న పనికి కాకుండా వాడుకుంటే ఆ వాడకం వల్ల జరిగిన నష్టానికి వాడే బాధ్యుడు. ఫాస్టాగ్ మెసేజ్‌లు, మీటరు ఫొటో ఇక్కడ పనికొచ్చాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ముందు ఫిర్యాదు చేశాను, కదలిక లేదు. తర్వాత వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఇ-జాగృతి పోర్టల్‌లో జిల్లా కమిషన్‌కి వేశాను. మనం కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. జరిగిన రెండేళ్లలోపు వేయాలి.

ఇన్సూరెన్సు గురించి ఒక్క మాట. మామూలు కాంప్రిహెన్సివ్ పాలసీలో వరద నష్టం ఉంటుంది. కానీ ఇంజిన్‌లోకి నీళ్లు పోయాక స్టార్ట్ చేస్తే అయ్యే నష్టానికి సాధారణంగా ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ఉండాలి. చెన్నైలో అది లేకుండా ఉండకండి.

ఇప్పుడు కారు అన్నానగర్‌లో మా బాబాయి వాళ్ల మూసిన గ్యారేజీలో ఉంది, రోడ్డు కంటే మూడడుగుల ఎత్తు. ఛార్జర్ నేనే తగిలించాను. పైన నూలు కవరు. నెలకోసారి గట్టి నైలాన్ తీగ ఒకటి టాపు కాలవల్లోకి దూర్చి చూస్తాను. వాన లేని ఆదివారం నలభై నిమిషాలు తిప్పుతాను, బ్రేకుల మీద తుప్పు పొర రెండు మూడు నొక్కులకే పోతుంది. మీరు బయట పెట్టక తప్పదంటే, తాళం ఒకటే ఇవ్వండి, మీటరు అంకె అగ్రిమెంటులో రాయించండి, కారు నిలబడే చోటు వాన కురుస్తుండగా వెళ్లి చూడండి, చెప్పకుండా ఇంకోసారి వెళ్లండి.

ఆ వేపాకుల ముద్దని జిప్ కవర్‌లో వేసి దాచాను. లాయరు ముందు నవ్వాడు. తర్వాత దాని పక్కన స్కేలు పెట్టించి ఫొటో తీయించి, ఫిర్యాదుకి జతచేసిన కాగితాల్లో ఏడో నంబరు వేశాడు.