నీళ్ల ట్రైలరుతో పదకొండేళ్లు: మా పాత ఎమ్ఎమ్ 540 జీపు

మదనపల్లె దగ్గర మా మామిడి తోటకూ బోరుకూ మధ్య ఒక మిట్ట ఉంది. ఎండాకాలం లేత మొక్కలు బతకాలంటే నీళ్లు ఆ మిట్ట ఎక్కి దిగాల్సిందే. పదకొండేళ్లుగా ఆ పని చేస్తున్నది 1994 మోడల్ మహీంద్రా ఎమ్ఎమ్ 540 జీపు.

2,112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజన్, 62 హార్స్ పవర్. ఈ రోజుల్లో చిన్న కార్లకే అంతకంటే ఎక్కువ ఉంటుంది. కానీ బరువు లాగేటప్పుడు దీని బలం ఇంజన్‌లో కాదు, లో గేరులో ఉంది. గేరు రాడ్డు పక్కన మరో రెండు రాడ్లుంటాయి. ఒకటి ముందు చక్రాలకు, ఒకటి లో రేంజికి. లో వేస్తే చక్రాల దగ్గర లాగుడు దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది, వేగం ఆ మేరకు తగ్గుతుంది. క్లచ్ పూర్తిగా వదిలేసి యాక్సిలరేటరు మీద కాలు కాస్త ఆనిస్తే చాలు, నిండు ట్రైలరుతో మిట్ట ఎక్కేస్తుంది. ఇన్నేళ్లలో క్లచ్ ప్లేటు ఒక్కసారే మార్చాను.

లాగడం గురించి నాకు ఏ రోజూ టెన్షన్ లేదు. ఆపడం గురించే.

మొదట్లో వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు కట్టేవాణ్ణి. ఒకరోజు కరెంటు పోయి ట్యాంకు సగమే నిండింది. బరువు తగ్గింది కదా అని మిట్ట అవతల లో వేయకుండా, మామూలు (హై) రేంజిలో సెకండ్ గేరులో దిగుతూ బ్రేకు తొక్కాను. ట్యాంకులో నీళ్లన్నీ ముందుకు విరుచుకుపడ్డాయి. ట్రైలరుకు బ్రేకులు లేవు, అది జీపును వెనక నుంచి తోసేసింది. వెనక చక్రాలు ఎర్రమట్టి మీద జారి బండి అడ్డం తిరగబోయింది. కింద చదును నేల వచ్చింది కాబట్టి బతికాను. దిగి చూస్తే బ్రేకు డ్రమ్ముల దగ్గర మాడు వాసన.

ఆ మరుసటి వారమే ట్యాంకు తీసేసి రెండొందల లీటర్ల డ్రమ్ములు పెట్టాను. ఏ డ్రమ్మయినా నిండుగా ఉండాలి, లేదా ఖాళీగా ఉండాలి. మొక్కలకు పోసేటప్పుడు వెనక డ్రమ్ములు మొదట ఖాళీ చేస్తాం. ట్రైలరు బరువులో సుమారు పదో వంతు జీపు వెనక హుక్కు మీద ఉండాలి. వెనక బరువెక్కితే తారురోడ్డు మీద ట్రైలరు తోక ఊపడం మొదలుపెడుతుంది. ఐదు డ్రమ్ములు లాగగలదని తెలిసినా మిట్ట మీదికి మూడే ఎక్కిస్తున్నాను. దిగేముందే, పైనే ఆగి లో ఫస్ట్ వేస్తాను. అప్పుడు బండిని ఇంజనే పట్టి ఉంచుతుంది, బ్రేకు మీద కాలు పెట్టే పని ఉండదు.

హుక్కు సంగతి. ఒక వెల్డింగ్ షాపులో వెనక బంపరుకే అతికించి ఇచ్చారు. రెండేళ్లకు పెయింటు మీద వెంట్రుకంత గీత కనిపించింది. గోటితో గీకితే తుప్పు పొడి రాలింది, లోపల వెల్డింగ్ చీలిపోయి ఉంది. ఇప్పుడు రెండు ఛాసిస్ పట్టీలనూ కలుపుతూ మందపాటి ప్లేటు వేసి బోల్టులతో బిగించాం. సేఫ్టీ చెయిన్లు రెండు, ఒకదానికొకటి అడ్డంగా (X ఆకారంలో) కడతాం.

పొడి తారురోడ్డు మీద మాత్రం ఫోర్ వీల్ (ముందు చక్రాల రాడ్డు) వేయకండి. ముందు, వెనక ఇరుసుల మధ్య తిరుగుడు తేడాను సర్దే ఏర్పాటు ఇందులో లేదు. మలుపుల్లో గేర్లు మెలిపడి రాడ్డు బిగుసుకుపోతుంది. అలా బిగుసుకుంటే బలంగా లాగొద్దు, రివర్సులో నాలుగడుగులు వెళ్తే దానంతటదే వదులుతుంది.

ట్రైలరుకు బ్రేకులు పెట్టించే పని మొదలుపెట్టాను. అవి పడ్డాక కూడా మిట్ట మీదికి మూడు డ్రమ్ములే.