ఫోటోలకు క్యాప్షన్లు రాసిస్తామనే వాళ్లతో జాగ్రత్త: మా నాన్న ఆఖరి ఫోటో కింద వాళ్లు పెట్టిన మాటలు ఇవీ

నిన్న రాత్రి జరిగింది ఇది. కోపం ఇంకా దిగలేదు. ముందుది వెనకా వెనకది ముందూ అయితే సర్దుకుని చదవండి, కానీ దయచేసి చివరిదాకా చదవండి.

"ఫోటో మీది, మాట మాది. నెలకు 30 క్యాప్షన్లు" అంటూ ఒక ప్రకటన మీ ఫీడ్‌లో కూడా తిరుగుతూ ఉండే ఉంటుంది. పేరు రాయను, చూస్తే మీరే గుర్తుపడతారు. రెండు వారాల క్రితం వాళ్ల దగ్గర నెల ప్యాకేజీ తీసుకున్నాను. డబ్బు మొత్తం ముందే కట్టాను. పోస్టులు వాళ్లే షెడ్యూల్ చేస్తామంటే పేజీ పాస్‌వర్డ్ కూడా ఇచ్చాను. ఆ తప్పు నాదే.

నాన్న వాచీలు బాగుచేసేవారు. పోయి నిన్నటికి ఏడాది. ఆయన పని చేసుకుంటుంటే పక్కన కూర్చుని నేను తీసిన ఫోటోలు వందల్లో ఉన్నాయి, వాటి కోసమే ఒక పేజీ పెట్టాను. ఫోటో తీయడం వచ్చు. కింద రెండు ముక్కలు రాయడమే రాదు. నాన్న గురించి మొదలుపెడితే ఒక రోజు పేజీలకు పేజీలు వస్తుంది, ఇంకో రోజు ఒక్క అక్షరం కదలదు. మాటలు తెలిసినవాళ్లు రాస్తే బాగుంటుందనుకున్నాను.

నమ్మడానికి కారణం వాళ్లు ఉచితంగా రాసిచ్చిన శాంపిల్. నాన్న వాచీ విప్పినప్పుడు స్క్రూలు, చిన్న చిన్న పళ్ల చక్రాలు బల్ల మీద పెట్టి, దుమ్ము పడకుండా ఒక గాజు గ్లాసు బోర్లించేవారు. ఆ ఫోటో పంపించాను. "ఈ గ్లాసు కింద ఉన్నది ఎవరిదో ఆగిపోయిన సమయం. సాయంత్రానికి మళ్లీ నడుస్తుంది" అని రాసి పంపారు. చదివి ఏడ్చాను. మా నాన్నను వీళ్లు చూడకుండానే చూశారు అనిపించింది. వెంటనే డబ్బు కట్టేశాను.

ఆ తర్వాత ప్రతి ఫోటోకీ వివరాలు రాసి పంపమన్నారు. 30 ఫోటోలు. మూడు రాత్రులు కూర్చుని రాశాను. ఏ వాచీ ఎవరిది, ఏ రోజు తీసింది, నాన్న అప్పుడు ఏమన్నారు, అన్నీ రాశాను. నిన్నటి పోస్టుకని ఇచ్చిన ఫోటోకి మాత్రం చాలా స్పష్టంగా రాశాను: "ఇది నాన్న ఆఖరి ఫోటో. ఆయన పోయి ఏడాది అయిన రోజు పెట్టాలి. ఎమోజీలు వద్దు. హ్యాష్‌ట్యాగులు వద్దు. రెండే మాటలు చాలు."

ఆ ఫోటో గురించి మీకు చెప్పాలి. నాన్న ముఖం సగమే కనిపిస్తుంది. కుడి కంటికి ఆ చిన్న భూతద్దం, ఎడమ చేతిలో మూత తీసిన పాత వాచీ. ఎడమ బొటనవేలి గోరు మధ్యలో నిలువుగా ఒక చీలిక ఉంటుంది. ఏళ్ల తరబడి వాచీల వెనక మూతలు ఆ గోటితోనే లేపేవారు, అందుకే ఆ చీలిక. పట్టకారు ఇంకా లోపలికి వెళ్లలేదు, అంచు దగ్గరే ఆగి ఉంది. ఊపిరి బిగబట్టి ఉన్నారు, అది ఫోటోలో తెలుస్తుంది. దీన్ని తీసిన పదకొండో రోజున పోయారు.

దాని కింద నిన్న సాయంత్రం ఆరింటికి వచ్చింది ఇది. అక్షరం మార్చకుండా ఇస్తున్నాను: "టైమే ఆగిపోయేంత స్టైల్! మీదీ ఇదే వైబ్ అయితే కామెంట్‌లో ఎస్ అనండి! వాచీల పిచ్చి ఉన్న మీ ఫ్రెండ్‌ని ట్యాగ్ చేయండి!" వెనక గుండె కళ్ల ఎమోజీలు ఆరు. దాని కింద హ్యాష్‌ట్యాగుల కుప్ప.

నేను చూడలేదు. అమ్మ దగ్గర కూర్చున్నాను, ఫోన్ పక్క గదిలో ఉంది. రాత్రి పదింటికి మేనత్త ఫోన్ చేసింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మా అన్నయ్య ఫోటో కింద ఆ రాతలేంటమ్మా? నువ్వే రాశావా?" అని మాత్రం అడిగింది. నాకు ఏమీ అర్థం కాక పేజీ తెరిచాను.

అప్పటికి 17 మంది "ఎస్" అని రాసి ఉన్నారు. ఒకాయన "వాచీ అమ్ముతారా, ఎంత?" అని అడిగాడు. వాళ్లనేమీ అనను. కింద రాసినదాన్ని బట్టి వాళ్లు జవాబిచ్చారు. మా బంధువులు, నాన్న దగ్గర ఏళ్ల తరబడి వాచీలు ఇచ్చినవాళ్లు కూడా అది చూశారు. నాలుగు గంటలు ఆ మాటలు అక్కడే ఉన్నాయి.

మాట మార్చడానికి నిమిషం పట్టదు, క్యాప్షన్ ఎప్పుడైనా ఎడిట్ చేయొచ్చు. తీసేశాను. తీసేసి వాళ్లకు మెసేజ్ పెట్టాను. తిట్టలేదు. "మా నాన్న చనిపోయిన రోజు పోస్టు ఇది, నోట్స్‌లో రాశాను కదండీ, ఒక్కసారి చూశారా?" అని అడిగాను.

వచ్చిన జవాబు ఇది. "కామెంట్లు చూశారా? మీ పేజీకి ఇంతవరకు రానన్ని వచ్చాయి. క్యాప్షన్ ఎవరూ చదవరండీ, ఫోటో చూసి లైక్ కొడతారు. మీరు పంపిన కథలన్నీ చదువుతూ కూర్చుంటే మాకు కుదరదు."

క్యాప్షన్లు అమ్ముకుని బతికేవాళ్లు, క్యాప్షన్ ఎవరూ చదవరని నాతో అన్నారు. నేను మూడు రాత్రులు రాసినదాన్ని తెరవనే లేదని వాళ్ల నోటితోనే ఒప్పుకున్నారు. "మరి శాంపిల్ ఎవరు రాశారు?" అని అడిగాను. దానికి జవాబు రాలేదు. డబ్బు వెనక్కివ్వమన్నాను. "ప్యాకేజీ మొదలయ్యాక రిఫండ్ ఉండదు" అని ఒక లైను, అంతే, బ్లాక్ చేశారు.

నిద్ర పట్టలేదు. అంతకు ముందు వాళ్లు పెట్టిన పోస్టులు ఒక్కొక్కటీ తెరిచి ఆ లైన్లు యథాతథంగా వెతికాను. ఈ పని రెండు వారాల క్రితమే చేసి ఉండాల్సింది. నాన్న గోడ గడియారం సరిచేస్తున్న ఫోటో కింద పెట్టిన వాక్యమే ఒక బైక్ ఫోటో కింద ఉంది, ఒక కుక్కపిల్ల ఫోటో కింద ఉంది, ఎవరివో పెళ్లి ఫోటోల కింద ఉంది. ఒక పోస్టులో అయితే పేరు ఉండాల్సిన చోట "మీ పేరు ఇక్కడ" అని అలాగే వదిలేశారు. అది నా పేజీలో అయిదు రోజులుగా ఉంది. నేను లైకులు చూసుకున్నాను గానీ కింద ఏముందో సరిగా చదవలేదు. ఇది రాస్తుంటే సిగ్గేస్తోంది.

వాళ్లు చెప్పుకునే "ఎంగేజ్‌మెంట్", అంటే పోస్టుకు వచ్చే లైకులు, కామెంట్లు, షేర్ల సంగతి కూడా తెలుసుకోండి. లైక్ కొట్టండి, షేర్ చేయండి, ఫ్రెండ్‌ని ట్యాగ్ చేయండి, కామెంట్‌లో ఫలానా మాట రాయండి అని పిలిచే పోస్టులను ఫీడ్‌లో కిందికి నెడతామని ఫేస్‌బుక్ 2017 డిసెంబర్‌లోనే ప్రకటించింది. నిజంగా సాయం కోసమో సలహా కోసమో అడిగేవాటికి ఆ నియమం వర్తించదని కూడా చెప్పింది. అంటే ఇన్నేళ్ల తర్వాత కూడా వీళ్లు ఆ పాత చిట్కానే అమ్ముతున్నారు. 17 కామెంట్లు వచ్చాయని సంబరపడితే, రేపటి పోస్టు ఎవరికీ కనిపించకుండా పోయే ప్రమాదం నా పేజీకే.

ఇన్‌స్టాలో క్యాప్షన్‌కు 2,200 అక్షరాల దాకా చోటు ఉంటుంది, కానీ ఫీడ్‌లో స్క్రోల్ చేసేవాళ్లకు కనిపించేది మొదటి ఒకటి రెండు లైన్లే. మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. ఆ మొదటి లైన్‌లో వీళ్లు పెట్టింది చాలా పోస్టుల్లో ఎమోజీలు, హ్యాష్‌ట్యాగులు. చదవాలనుకున్నవాడికి చదవడానికి ఏముంది అక్కడ?

ఇంకొకటి నాకు అసలు తెలియనిది. ఫోటోకి క్యాప్షన్ కాకుండా ఆల్ట్ టెక్స్ట్ అని వేరే గడి ఉంటుంది. చూపు లేనివాళ్లకు ఫోటో బదులు ఫోన్ చదివి వినిపించేది అదే, ఇన్‌స్టాలో 2018 నుంచి ఉంది. ఫోటోలో ఏముందో అక్కడ ఉన్నదున్నట్టు రాయాలి. వీళ్లు ఆ గడిలో కూడా క్యాప్షన్‌నే అతికించారు. నా పేజీ చూసే ఒకావిడ ఈ ఉదయం మెసేజ్ పెట్టారు. ఆవిడకు చూపు లేదు. "నిన్నటి ఫోటోలో ఏముందో నాకు చివరిదాకా తెలియలేదండీ. గుండె కళ్ల ముఖం, గుండె కళ్ల ముఖం అని ఆరుసార్లు వినిపించింది, ఆ తర్వాత హ్యాష్‌ట్యాగులు" అన్నారు. ఆవిడకు ఫోన్ చేసి ఆ ఫోటోలో ఏముందో నా మాటల్లో చెప్పాను. గోరు మీది చీలిక గురించి చెప్పినప్పుడు, "ఇదే కింద రాయకపోయారా?" అన్నారు.

అవును, రాయాల్సింది. రాశాను కూడా, నోట్స్‌లో. అదే నేను చేసిన పిచ్చి పని. మూడు రాత్రులు కూర్చుని 30 ఫోటోల గురించి నేను రాసినవే క్యాప్షన్లు. నా దగ్గరే ఉన్నదాన్ని వాళ్లకు పంపి, డబ్బిచ్చి, దాని బదులు బైక్ ఫోటో కింది వాక్యం తెచ్చుకున్నాను. గోడ గడియారం ఫోటోకి నేను రాసింది ఇప్పుడు మళ్లీ తీసి చూశాను: "ఈ గడియారం గలవాళ్లు మూడుసార్లు వద్దన్నారు, కొత్తది కొనుక్కుంటామన్నారు. నాన్న నాలుగోసారి కూడా విప్పారు." ఇందులో గొప్ప భాషేమీ లేదు. కానీ ఈ మాటలు కుక్కపిల్ల ఫోటో కింద పెట్టలేరు.

ఇలాంటి ప్యాకేజీ తీసుకోవాలని ఎవరైనా అనుకుంటుంటే నాకు తెలిసింది చెప్తాను. శాంపిల్ చూసి నమ్మకండి. ఒకటి కాదు, అయిదు ఫోటోలు ఇచ్చి రాయమనండి. వాళ్లు పాతవాళ్లకు రాసిన లైన్లు తీసుకుని వెతికి చూడండి. మీరు చూసి ఓకే అనకుండా ఏ పోస్టూ బయటికి వెళ్లకూడదని ముందే రాతలో ఒప్పించుకోండి. డబ్బు వారానికింత అని ఇవ్వండి. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి. ఫేస్‌బుక్ పేజీకైతే పాస్‌వర్డ్ ఇవ్వకుండానే వేరేవాళ్లకు పోస్టులు పెట్టే అనుమతి ఇచ్చే ఏర్పాటు సెట్టింగ్స్‌లోనే ఉంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చు. నాలాగా ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, పాస్‌వర్డ్ మార్చడంతో ఆగకండి. ఏ ఏ ఫోన్లలో లాగిన్ అయి ఉందో చూసి అన్నింటిలోంచీ బయటికి పంపండి, పాస్‌వర్డ్‌తో పాటు ఒక కోడ్ కూడా అడిగే రెండంచెల లాగిన్ పెట్టుకోండి. షెడ్యూల్‌లో మిగిలినవి కూడా చూడండి. నా దాంట్లో ఇంకా 16 ఉన్నాయి, రేపు పొద్దున్న ఏడింటికే ఒకటి వెళ్లాల్సి ఉంది. అన్నీ తీసేశాను.

నాన్న ఆఖరి ఫోటో అలాగే ఉంచాను. పాత కామెంట్లు నేనే తీసేశాను. ఇప్పుడు దాని కింద ఇలా ఉంది: "నాన్న. ఊపిరి బిగబట్టి చివరిసారి." అత్త చూసింది. పొద్దున్నే ఫోన్ చేసి, ఆ గోరు చీలిక తనకు కూడా గుర్తుందని, చిన్నప్పుడు తన కాలి పట్టీ కొక్కెం ఊడిపోతే దాంతోనే వంచి పెట్టేవాడని చెప్పింది. ఆ మాట నాకు ఇంతవరకు తెలియదు. అత్త ఒప్పుకుంటే ఈ రాత్రి దాన్ని కింద కామెంట్‌లో పెడతాను.