కావేరి మహసీర్: కూరకి అమ్మాలా, గాలం వేసి వదలాలా?

కర్ణాటకలో భీమేశ్వరి, గాలిబోరె దగ్గర కావేరి, మూపురం ఉన్న మహసీర్ అనే పెద్ద చేపకి పేరుపడింది. ఇది 50 కిలోలు దాటి పెరుగుతుంది. 1946లో కావేరి ఉపనది కబినిలో వాన్ ఇంగెన్ అనే ఆయన గాలానికి పడినది 120 పౌండ్లు, అంటే సుమారు 54 కిలోలు.

అమ్మితే లెక్క చిన్నదే. కిలోకి ఇంత అని ఒక్కసారి డబ్బు వస్తుంది, అంతే. చేపల్ని పట్టడానికి నీళ్లలో మందుగుండు పేలిస్తే పిల్ల చేపలు కూడా పోతాయి, అంటే రేపటి బేరం కూడా పోయినట్టే.

గాలానికి పడిన చేపని మళ్లీ నీళ్లలో వదిలేస్తే సంగతి వేరు. ఇక్కడ నది ఒడ్డున గాలం వేసేవాళ్ల క్యాంపులు నడిచిన రోజుల్లో, ఆ సరదాతో వచ్చినవాడు గదికి, తిండికి డబ్బు కట్టేవాడు. పుట్టి నడిపేవాడికి కూలి దొరికేది. రాగి ముద్దని ఎరగా పెట్టి, చేప ఎక్కడ తిరుగుతుందో చూపించే గైడుకి జీతం వచ్చేది. ఒకప్పుడు దొంగచాటుగా చేపలు పట్టినవాళ్లలో కొందరు ఇలాగే గైడ్లయ్యారు. అదే చేప మళ్లీ ఇంకొకడి గాలానికి పడొచ్చు! నా ఓటు దీనికే.

కాకపోతే ఇందులోనూ ఒక మెలిక ఉంది. గాలం వేసేవాళ్ల కోసమని బయటి నుంచి తెచ్చి వదిలిన నీలి రెక్కల మహసీర్ ఇక్కడి జాతిని పక్కకి నెట్టింది. 2018లో మూపురం మహసీర్ అంతరించే ప్రమాదం అత్యధికంగా ఉన్న జాతుల జాబితాకెక్కింది.

అభయారణ్యంలో గాలం వెయ్యడం కూడా వేటేనని 2010 తర్వాత ఆ క్యాంపుల్లో ఆపేశారు. దాంతో గైడ్ల ఉపాధి పోయింది, రోజూ నది మీద ఉండే కళ్లు కూడా తగ్గాయి.