విదేశాలకు పార్సిల్: తపాలా శాఖ ఈఎంఎస్ సేవపై నా అభిప్రాయం

టొరంటోలో ఉన్న మా చెల్లెలి కూతురికి పట్టు పావడా, గాజులు, కథల పుస్తకాలు పంపడానికి ఈసారి తపాలా శాఖ వారు విదేశాలకు పార్సిళ్లను వేగంగా చేరవేసే ఈఎంఎస్ స్పీడ్ పోస్ట్‌ను ఎంచుకున్నాను, ఎంతో సంతృప్తి చెందాను. అంతకుముందు ఒక ప్రైవేటు కొరియర్ వారు రెండు కిలోలైనా లేని పెట్టెకు ఆరు కిలోల ధర అడిగారు. వారు అసలు బరువుకు బదులు పెట్టె పరిమాణాన్ని బట్టి ధర కట్టారు: పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించే ఆ పద్ధతిలో 40, 30, 25 సెంటీమీటర్ల పెట్టె ఎంత తేలికైనదైనా 6 కిలోలుగానే లెక్కకు వస్తుంది. ఈ సంగతి ముందే చెప్పకపోవడం నాకు బాధ కలిగించింది.

తపాలా కార్యాలయం కౌంటరులోని మహిళా ఉద్యోగి కస్టమ్స్ పత్రంలో ‘బహుమతి’ అని రాసి ఊరుకోనివ్వకుండా, ‘ఆడపిల్ల పట్టు పావడా, 1’ అంటూ ఒక్కొక్క వస్తువునూ విలువతో సహా రాయించారు.

రసీదు మీద ఉండే 13 అక్షరాల సంఖ్యను భద్రపరచుకోవాలి. ‘ఈ’తో మొదలయ్యే రెండు ఆంగ్లాక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర మన దేశాన్ని సూచించే ‘ఐఎన్’ అందులో ఉంటాయి. పార్సిల్ దేశం దాటాక మన తపాలా సైటులో కదలిక కనిపించకపోతే కంగారు పడకుండా, అదే సంఖ్యను కెనడా పోస్ట్ సైటులో చూడాలి; మా పార్సిల్ కస్టమ్స్ దాటిన సమాచారం నాకు అక్కడే ముందుగా కనిపించింది. అత్యవసర పత్రాలకైతే మాత్రం నేను ప్రైవేటు ఎక్స్‌ప్రెస్ సేవనే ఎంచుకుంటాను.