కాటా మీద సూపర్‌కార్లు: తగ్గించిన కిలోలు ఎక్కడ తెలుస్తాయి?

ట్రాక్ మీద నడిపే కార్లకు సస్పెన్షన్ సెట్ చేయడం నా పని. నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి, ఏ మూల మీద ఎంత బరువు పడుతోందో చూస్తాను. స్ప్రింగు ఎత్తులు సరిచేసి, ఒకసారి నడిపి చూసి పంపిస్తాను. పదకొండేళ్లుగా ఇదే పని. అందుకే కారు కొనబోయేవాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు: "మామూలు మోడల్ తీసుకోవాలా, బరువు తగ్గించినది తీసుకోవాలా? ఆ వంద కిలోల తేడా నడిపేటప్పుడు నిజంగా తెలుస్తుందా?"

తెలుస్తుంది. అయితే చక్రం నుంచి తీసిన కిలో చేతికి తెలుస్తుంది, కార్పెట్ కింద నుంచి తీసిన కిలో చెవికి తెలుస్తుంది. రెండింటికీ ఒకే ధర కడతారు. ఈ రివ్యూ అంతా ఆ తేడా గురించే.

ముందు బ్రోచర్‌లో వేసే బరువు సంగతి చెప్పాలి. కాటా దగ్గర జరిగే వాదనలు చాలావరకు దీని గురించే. ఇటలీ కంపెనీలు, మెక్‌లారెన్ ఎక్కువగా ముందుకు తెచ్చేది డ్రై వెయిట్. అంటే పెట్రోలు, కూలెంట్, ఆయిల్ లాంటివి లేని బరువు. చాలాసార్లు అది బరువు తగ్గించే ఆప్షన్లన్నీ పెట్టిన కారు బరువు కూడా. పోర్షే వేసే డీఐఎన్ (జర్మన్ ప్రమాణం) బరువులో ఆయిళ్లన్నీ ఉంటాయి, ట్యాంకు తొంభై శాతం నిండి ఉంటుంది, డ్రైవర్ మాత్రం ఉండడు. మెక్‌లారెన్ 765 ఎల్‌టీ (ఎల్‌టీ అంటే 'లాంగ్‌టెయిల్', బరువు తగ్గించిన మోడళ్లకు ఆ కంపెనీ పెట్టే పేరు) సంగతే చూడండి. డ్రై వెయిట్ 1229 కిలోలు, డీఐఎన్ బరువు 1339 కిలోలు. ఒకే కారుకు 110 కిలోల తేడా. మామూలు 720 ఎస్ కంటే ఈ కారు తేలికైనది 80 కిలోలే. అంటే తూకం వేసే పద్ధతి మారితే వచ్చే తేడా, ఇంజనీర్లు కష్టపడి తీసిన బరువు కంటే ఎక్కువ. కంపెనీ రెండు అంకెలూ చెబుతుంది, కాబట్టి దీన్ని మోసం అనను. కానీ ఒక కారు డ్రై వెయిట్‌ను ఇంకో కారు డీఐఎన్ బరువుతో పోల్చి "మాదే తేలిక" అనుకునేవాళ్లు చాలామంది. ఒకతను నా కాటా మీద అంకె చూసి మొహం మాడ్చుకున్నాడు. "బ్రోచర్‌లో ఇంత లేదే?" అన్నాడు. ట్యాంకు నిండుగా ఉంది. లీటరు పెట్రోలు ముప్పావు కిలో దాకా తూగుతుంది, డెబ్భై లీటర్లంటే యాభై కిలోలు దాటుతుంది. ఆ లెక్క రాసి చూపించాకగానీ స్థిమితపడలేదు.

బరువు తగ్గించడం కొత్త సంగతి కాదు. 'సూపర్‌లెజెరా' అంటే ఇటాలియన్‌లో అతి తేలిక అని. మిలాన్‌లోని టూరింగ్ సంస్థ సన్నని గొట్టాల చట్రం మీద అల్యూమినియం రేకు తొడిగే పద్ధతికి పెట్టుకున్న పేరు అది. లాంబోర్గిని 2007లో ఆ పేరును గల్లార్డోకు పెట్టి వంద కిలోలు తీసేసింది. 2010లో వచ్చిన ఎల్‌పీ 570-4 సూపర్‌లెజెరా 70 కిలోలు తగ్గి, 1340 కిలోల డ్రై వెయిట్‌కు వచ్చింది. అంతకు చాలా ముందే, 1973 పోర్షే 911 కరేరా ఆర్‌ఎస్ తేలిక వెర్షన్‌లో వెనక సీట్లు తీసేశారు, అద్దాలు పలచన చేశారు, బానెట్ మీద లోహపు బ్యాడ్జి బదులు స్టిక్కర్ అంటించారు. 1987 ఫెరారీ ఎఫ్40లో లోపలి నుంచి తలుపు తీయడానికి హ్యాండిల్ ఉండదు, లాగే తాడు ఉంటుంది. రంగు ఎంత పలచగా వేశారంటే కింద ఉన్న కార్బన్ నేత కనిపిస్తుంది. స్టిక్కర్ వల్ల తగ్గేది గ్రాములే. కానీ ప్రతి వస్తువునూ నిలబెట్టి "నువ్వు ఎందుకున్నావు?" అని అడిగిన మనుషులు చేసిన కారు అది. అలాంటి కారును కాటా మీద పెట్టినప్పుడు నాకు నిజంగా గౌరవం కలుగుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మెక్‌లారెన్ 650 ఎస్, దాని నుంచి 2015లో వచ్చిన 675 ఎల్‌టీ ఒకే రోజు నడిపే అవకాశం నాకు దొరికింది. రెండింటికీ వంద కిలోల తేడా. మూడో మలుపుకే ఎల్‌టీ వేరే కారని తెలిసిపోయింది. ముందు చక్రాలు ఎక్కడున్నాయో అరచేతుల్లోకి వచ్చి చెబుతుంది. బ్రేక్ నొక్కితే ముక్కు కిందికి వాలకుండా కారంతా కలిసి ఆగుతుంది. "ఇదంతా బరువు తగ్గడం వల్లే" అని దాని ఓనరు గట్టిగా నమ్మాడు. నేను ఒప్పుకోలేదు. ఎల్‌టీలో పవర్ 25 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) పెరిగింది. చక్రాల మధ్య వెడల్పు 20 మిల్లీమీటర్లు పెరిగింది. స్ప్రింగులు గట్టివి, టైర్లు వేరు. కారులో ఇన్ని మారాక ఘనతంతా బరువుకే ఇస్తే న్యాయం కాదు.

అందుకే ఇద్దరం ఒక పని చేశాం. కాటా మీద డ్రైవర్ బరువుకు బదులు సీట్లో పెట్టే ఇసుక సంచులు నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి. వాటిలో ఎనభై కిలోలు పక్క సీట్లో పెట్టి బెల్టులతో గట్టిగా బిగించాం. అదే ఎల్‌టీ, అవే టైర్లు. సంచులతో నాలుగు ల్యాపులు, తీసేసి నాలుగు ల్యాపులు. నేరుగా ఉన్న దారిలో ఆ ఇంజిన్‌కు ఎనభై కిలోలు లెక్కలోకి రాలేదు, నా ఒంటికి తేడా తెలియలేదు. బ్రేక్ వేసే చోట తెలిసింది. సంచులు ఉన్నప్పుడు కాస్త ముందుగానే బ్రేక్ నొక్కాల్సి వచ్చింది, నాలుగో ల్యాపుకు పెడల్ కొంచెం లోపలికి వెళ్లింది. ఎడమకూ కుడికీ వెంటవెంటనే తిరిగే మలుపుల్లో ఇంకా బాగా తెలిసింది. కారు ఒక పక్కకు వాలి, మళ్లీ తేరుకునేలోపు రెండో మలుపు వచ్చేస్తోంది. సంచులు తీశాక ఆ ఆలస్యం పోయింది. "సరే, బరువు పని ఏంటో ఇప్పుడర్థమైంది" అన్నాడాయన. ఈ పరీక్ష ఎవరైనా చేయొచ్చు. సంచులు లేకపోతే స్నేహితుణ్ని పక్కన కూర్చోబెట్టుకోండి.

నా దృష్టిలో అన్నింటికంటే విలువైన కిలోలు చక్రాలవి. స్ప్రింగు పైన ఉన్న బరువును సస్పెన్షన్ మోస్తుంది. స్ప్రింగు కింద ఉన్న చక్రం, టైరు, బ్రేక్ డిస్కు బరువును మాత్రం రోడ్డులోని ప్రతి గతుకూ నేరుగా కొడుతుంది. చక్రం తేలికైతే గతుకు మీద ఎగిరి వెంటనే నేలకు దిగుతుంది, పట్టు చెదరదు. పైగా చక్రం తిరుగుతుంది కూడా. అంచు దగ్గర ఉన్న కిలోను వేగం పెంచాలంటే కారుతో పాటు ముందుకు తోయాలి, గుండ్రంగా కూడా తిప్పాలి. లెక్క వేస్తే అది దాదాపు రెండు కిలోల పని. 765 ఎల్‌టీలో చక్రాలు, టైర్లు, టైటానియం బోల్టుల దగ్గరే 22 కిలోలు తీశారు. ఆ కారుకు పెట్టిన డబ్బులో బాగా ఖర్చయిన భాగం అదే అంటాను. నా దగ్గరకొచ్చే ఓనర్లలో చక్రాల మీద ఫిర్యాదు చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

కార్బన్ సెరామిక్ బ్రేక్ డిస్కుల విషయంలో అభిప్రాయాలు చీలిపోతాయి. పోత ఇనుము డిస్కులో ఇంచుమించు సగమే తూగుతాయి, చక్రాలు కూడా దుమ్ముపట్టవు. రోడ్డు మీద నడిపేవాళ్లు సంతోషంగా ఉంటారు. ప్రతి నెలా ట్రాక్‌కు వెళ్లేవాళ్లు మాత్రం అరిగాక కొత్త డిస్కుల బిల్లు చూసి ఇనుముకు మారుతున్నారు. చక్రం విప్పేటప్పుడు చేయి జారి రిమ్ము డిస్కు అంచుకు తగిలితే చాలు, పెచ్చు లేచిపోతుంది. ఆ టెన్షన్ నాకూ ఉంటుంది. అందుకే విప్పే ముందు పొడవాటి గైడ్ పిన్ను పెట్టకుండా చక్రాన్ని ముట్టుకోను.

ఏసీ గురించి నా మాట సూటిగా చెబుతాను: తీయించుకోకండి. 675 ఎల్‌టీ, 765 ఎల్‌టీ రెండూ ఏసీ లేకుండానే వచ్చాయి. కావాలంటే అదనపు ధర లేకుండా పెట్టించేవారు. 765లో ఏసీ లేకపోతే తగ్గేది పది కిలోలు. నాకు తెలిసిన ఒక ఓనరు తన కారుకు (పేరు చెప్పను) పట్టుబట్టి ఏసీ వద్దన్నారు. ఎండను ఓర్చుకున్నారు. వర్షం వచ్చిన రోజు మాత్రం అద్దం లోపల ఆవిరి పట్టేసి ఏమీ కనిపించక కారు పక్కకు ఆపేశారు. గాలిలో తేమ తీసే పని కూడా ఏసీదేనని అప్పుడు గుర్తొచ్చింది. తర్వాత పెట్టించడానికి డాష్‌బోర్డంతా విప్పాల్సి వచ్చింది. "మాస్టారూ, పది కిలోలు నేనే తగ్గితే సరిపోయేది" అన్నారు. నిజంగానే తగ్గారు కూడా, మరుసటి ఏడాది ఆమెను సీట్లో కూర్చోబెట్టి తూచింది నేనే.

కార్బన్ బకెట్ సీట్లు ఇంకో రకం. వీపు వాల్చడానికి వీల్లేదు, మెత్త పలచన. మలుపులో మాత్రం మోకాలిని తలుపుకు ఆనించి బిగబట్టుకునే అవసరం ఉండదు. ఒంటిని పట్టుకునే పని సీటు చేస్తే చేతులు స్టీరింగ్ పని మాత్రమే చేస్తాయి. కాబట్టి బరువు కోసం కాకపోయినా వీటిని సమర్థిస్తాను. అయితే కొనే ముందు కనీసం అరగంట కూర్చుని చూడండి. నడుము వెడల్పు సరిపోక, రెండు గంటల ప్రయాణం తర్వాత కాళ్లు తిమ్మిరెక్కి, చివరకు అమ్మేసుకున్నవాళ్లు ఉన్నారు.

అద్దాల బదులు పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్ పెడితే పై భాగంలో బరువు తగ్గుతుంది, అది మంచిదే. కానీ పొడి గుడ్డతో ఒక్కసారి తుడిస్తే గీతలు పడతాయి. లోపలి మెత్తలు, శబ్దం ఆపే పొరలు తీసేశాక టైరు ఎగరగొట్టిన ప్రతి చిన్న రాయీ వినిపిస్తుంది. కొందరికి అదే ఆనందం. ఒకాయన మాత్రం భార్య పక్క సీట్లో కూర్చోవడం మానేసిందని బాధపడ్డారు. ఆ బాధ చిన్నది కాదు.

లిథియం బ్యాటరీ సంగతి నాకు నచ్చిన కథ. పోర్షే 2010 నుంచి 911 జీటీ3, బాక్‌స్టర్ స్పైడర్ లాంటి కార్లకు దీన్ని ఆప్షన్‌గా ఇచ్చింది. బరువు ఆరు కిలోల లోపే, మామూలు దానికంటే పది కిలోలకు పైగా తక్కువ. చలి బాగా ఉంటే సరిగా పనిచేయదని మామూలు బ్యాటరీని కూడా కారుతో పాటే ఇచ్చారు. కొన్నవాడికి ఇబ్బంది రాకూడదని ముందే ఆలోచించి ఇచ్చారు చూడండి, ఆ నిజాయితీ నాకు బాగా నచ్చింది. ఈ రకం బ్యాటరీ ఉన్న కారును వారాల తరబడి ఊరికే వదిలేయకండి, చార్జర్ తగిలించి ఉంచండి.

ఉన్న కారు నుంచి బరువు తీయడం ఒక దారి. మొదటి నుంచీ తేలికగా కట్టడం ఇంకో దారి. గోర్డన్ మరే రూపకల్పన చేసిన మెక్‌లారెన్ ఎఫ్1 డ్రై వెయిట్ 1138 కిలోలు. దాంతో ఇచ్చే పనిముట్లు కూడా టైటానియంవే. ఆయనే 2020లో చూపించిన టీ.50కి చెప్పిన బరువు 986 కిలోలు, అదీ పన్నెండు సిలిండర్ల వీ12 ఇంజిన్‌తో. ఇవి అందరికీ అందే కార్లు కావు. ఆ ఆలోచనను చిన్న రూపంలో చూడాలంటే ఆల్ఫా రోమియో 4సీ ఉంది. కార్బన్ టబ్ (మనుషులు కూర్చునే నడిమి గుల్ల) 65 కిలోలే, పవర్ స్టీరింగ్ లేదు. పార్క్ చేసేటప్పుడు భుజాలకు పని చెబుతుంది, కదిలాక రోడ్డంతా చేతుల్లో ఉంటుంది. దాన్ని ప్రేమించేవాళ్లూ, వారంలో తిరిగిచ్చేసేవాళ్లూ ఇద్దరూ ఆ స్టీరింగ్ గురించే మాట్లాడతారు.

నా డబ్బుతో కొనాల్సి వస్తే మెక్‌లారెన్ 600 ఎల్‌టీ తీసుకుంటాను. 570 ఎస్ కంటే 96 కిలోలు తేలిక. పొగ గొట్టాన్ని వెనకదాకా లాగకుండా ఇంజిన్ వెనకే పైకి తిప్పారు, పైపు పొట్టిదైంది, బరువు తగ్గింది. సస్పెన్షన్, బ్రేకులు కూడా తేలికపరిచారు. అంటే తీసిన చోట్లు సరైనవి. ఏసీ ఉన్నదే చూసుకుంటాను, పాటలు వద్దంటాను.

పాతది కొనేవాళ్లకు ఒక్క మాట. ఫెరారీ 430 స్కుడేరియా అయినా, 458 స్పెషాలే అయినా, ఏ తేలిక మోడల్ అయినా, చేతులు మారే కొద్దీ ఒక్కో ఓనరు తన సౌకర్యానికి ఏదో ఒకటి మార్చి ఉంటాడు. సీట్లు, డిస్కులు, బ్యాటరీ, సైలెన్సర్. కంపెనీ నుంచి వచ్చిన అసలు భాగాలు ఎక్కడున్నాయో అడగండి, పెట్టె తెరిపించి చూడండి. తర్వాత కారును కాటా మీద పెట్టించండి. ట్యాంకులో ఎంత పెట్రోలు ఉందో ముందే రాసుకోండి.