ఆదివారం పనికి గంట లెక్కా, గంపగుత్తా?

హన్మకొండలో ఇంటి నుంచే వెబ్‌సైట్లు చేసే నాలాంటి వాళ్లకు శనివారం రాత్రి ఫోన్ మోగితే టెన్షనే. "అన్నా, చిన్న పనే, రేపు పొద్దుటికల్లా కావాలె." దీనికి ఎంత అడగాలి?

గంట లెక్కయితే మామూలు రేటుకు ఒకటిన్నర లేదా రెండింతలు. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కూలి ఇమ్మనేది. అది ఫ్రీలాన్సర్లకు వర్తించేది కాదు గానీ బేరంలో చెప్పుకోవడానికి పనికొస్తుంది. గంటకు 600 రూపాయలు తీసుకునేవాళ్లు ఆదివారం మూడు గంటలకు 3,600 అడగొచ్చు. చిక్కల్లా ఇరవై నిమిషాల పనితోనే. చేతికొచ్చేది 400, పోయేది ఆదివారం. కాజీపేటలో బంధువుల పెళ్లిలో విస్తరి ముందు నుంచి లేచి, ఫంక్షన్ హాల్ మెట్ల మీద లాప్‌టాప్ తెరిచిన రోజున నాకిది బాగా తెలిసొచ్చింది. అప్పటి నుంచి ఎంత చిన్న పనికైనా కనీసం రెండు గంటల బిల్లు.

గంపగుత్త అంటే సెలవు రోజుకు ఇంత అని ఒకే మాట. క్లయింట్‌కు తేలిక. కానీ డబ్బు కట్టాక రోజంతా తమదే అనుకుంటారు. బ్యానర్ మార్పుతో మొదలై సాయంత్రానికి కొత్త పేజీ దాకా వస్తుంది. మేడారం జాతర రోజుల్లో ట్రావెల్స్ బుకింగ్ సైట్‌ను కనిపెట్టుకుని ఉండే పనికి మాత్రం ఇదే నయం. ఖాళీగా కూర్చున్నా ఆ రోజు అమ్ముడైనట్టే కదా.

పాత క్లయింట్లకు నాది గంట లెక్కే. ఏ రేటైనా శుక్రవారంలోపే వాట్సాప్‌లో ఒప్పించుకుంటాను. సోమవారం అడిగితే "అదేందన్నా" అంటారు.